పొద్దటి షిఫ్టు నాది కాదు

ఈత కొలను దగ్గర ఫిల్టరు చూసుకునేవాణ్ణి ఎవరూ గుర్తుపెట్టుకోరు. నీళ్ళు బాగుంటే ఈత నేర్పే మాస్టారును మెచ్చుకుంటారు, బాగా లేకపోతే మోటారు గదికి వచ్చి మమ్మల్ని వెతుకుతారు. నేను ఉద్యోగమంతా అలాంటి గదిలోనే గడిపి దిగిపోయినవాణ్ణి. ఈ మధ్య చిన్న ఊళ్ళలోనూ కొలనులు వచ్చాయి. కొత్తగా ఈ పనిలో చేరిన మీలాంటివాళ్ళు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి ప్రెషర్ ఎంత ఉండాలి, ఇసుక ఎన్నాళ్ళకు మార్చాలి అని అడుగుతుంటారు. అవి ఫోనులో చెప్పగలను. చెప్పలేనిది ఒకటుంది. దాన్ని రాస్తున్నాను.

ముందే ఒక మాట. నాకు అసూయ ఎక్కువ. మా ఇంట్లో అందరికీ తెలిసిన విషయమే ఇది. "పక్కింటోళ్ళు కూలర్ కొంటే నీకు చెమట వోస్తది" అంటుంది మా ఆవిడ. ఆమె మాటలో అతిశయోక్తి ఏమీ లేదు.

మాది మహబూబాబాద్, మేం మానుకోట అంటాం. పని మాత్రం జనగామలో. అక్కడొక గది అద్దెకు తీసుకుని, ఆదివారం ఇంటికి పోయి వచ్చేవాణ్ణి. మా కొలను పెద్దదేమీ కాదు. పొడవు ఇరవై అయిదు మీటర్లు, లోతు వైపు ఎనిమిది అడుగులు. పక్కన రేకుల గది, అందులో మోటారు, మనిషి ఎత్తు ఇసుక ఫిల్టరు. కొలను నీళ్ళు పైనుంచి ఆ ఇసుకలోకి దిగుతాయి. మురికి ఇసుకలో ఆగిపోతుంది, తేట నీళ్ళు అడుగు పైపుల గుండా మళ్ళీ కొలనుకు పోతాయి. ఇసుక మురికితో నిండితే ప్రెషర్ ముల్లు పైకి ఎక్కుతుంది. అప్పుడు మోటారు ఆపి, వాల్వు తిప్పి, నీళ్ళను కింది నుంచి పైకి తోలి ఇసుకను కడగాలి. అది బ్యాక్‌వాష్. ఆ తర్వాత ఒక్క నిమిషం రిన్స్ చేసి, పైపుల్లో మిగిలిన మురికిని బయటికి వదలాలి. ఆ నిమిషానికి కక్కుర్తిపడితే మురికి తిరిగి కొలనులోకే పోతుంది. విద్య మొత్తం ఇంతే. ఈ ఇంత విద్యతోనే నేను చాలా ఏళ్ళు ఆ గదికి రాజునై కూర్చున్నాను.

పొద్దున ఈతకు వచ్చేవాళ్ళు పెరిగారని రెండో ఆపరేటరును కాంట్రాక్టు మీద తీసుకున్నారు. దంతాలపల్లి దగ్గరి ఒక తండా మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. అంతకుముందు బోర్లలో మోటార్లు దింపే పని చేసేవాడు. ఫోనులో ఇంటివాళ్ళతో వాళ్ళ భాషలో మాట్లాడుతుంటే నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నన్ను గురించే చెబుతున్నాడని నాకు గట్టి నమ్మకం. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఏంది తమ్మీ, గంత సేపు మాట్లాడినవ్?"

"బర్రె ఈనిందన్నా. దూడ లేస్తలేదట" అన్నాడు.

అతనికి పొద్దటి షిఫ్టు ఇచ్చారు, నన్ను సాయంత్రానికి మార్చారు. వయసు మీద పడుతోంది కదా, తెల్లవారకముందే లేవడం మీకు కష్టం అన్నాడు మా ఇన్‌చార్జి సారు. అన్నది నా మంచికే. కానీ పొద్దున వచ్చేవాళ్ళే ఊళ్ళో పేరున్నవాళ్ళు, డాక్టర్లు, లెక్చరర్లు, దుకాణాల యజమానులు. సాయంత్రం వచ్చేది కేకలు వేసే పిల్లలు. నమస్తే పెట్టేవాళ్ళంతా ఒక్క మాటతో అతని షిఫ్టులోకి పోయారు.

అది కూడా ఓర్చుకునేవాణ్ణేమో. ఇసుక మార్చిన రోజు మాత్రం ఓర్వలేకపోయాను. నేను మొదటిసారి ఇసుక మార్చినప్పుడు సంచి ఎత్తి దబ్బున కుమ్మరించాను. ఫిల్టరు అడుగున ఉండే సన్నటి గొట్టాలు విరిగాయి. మర్నాడు కొలను అడుగంతా ఇసుక. మళ్ళీ అంతా తోడి, గొట్టాలు మార్చి, నాలుగు రోజులు తిట్లు తిన్నాను. ఇతను మొదటిసారి చేస్తున్నప్పుడు నేను పక్కనే నిలబడి ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అతను ఫిల్టరు ట్యాంకులో సగం దాకా నీళ్ళు నింపాడు. ఆ నీళ్ళలోకి ఇసుకను గంప అంచు నుంచి కొంచెం కొంచెంగా జార్చాడు. ఒక్క గొట్టం కూడా కదలలేదు.

"ఎవరు చెప్పిన్రు గిట్ల చెయ్యమని?" అన్నాను.

"ఎవలు చెప్పలే. కింద గొట్టాలు సన్నగున్నయ్ గద, దెబ్బ తాకుతదని నీళ్ళు వోసిన."

నాకు నాలుగు రోజుల తిట్లతో వచ్చిన తెలివి అతనికి ఊరికే వచ్చింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. నిజంగానే సయించలేదు, మాట వరసకు అనడం లేదు.

ఇక పొద్దటివాళ్ళ ఫోన్ గ్రూపు. అందులో నన్ను కూడా చేర్చారు, అదే నా ఖర్మ. ఒకరోజు ఎవరో కొలను అడుగున, ఎనిమిదడుగుల లోతులో ఉండే జాలీ మూతను గట్టు మీద నుంచి ఫోటో తీసి పెట్టారు. మూత రంధ్రాలు లెక్కపెట్టవచ్చు. కింద "మన తమ్ముడి నీళ్ళు" అని రాశారు. దాని కింద చప్పట్లు, దండాలు. అవి నేను ముందటి సాయంత్రం కడిగిన నీళ్ళు కూడా. ఆ సంగతి రాయాలని వేలు పెట్టి, సిగ్గేసి తీసేశాను. టికెట్లిచ్చే చాచా ఆ ఫోటో నాకే తెచ్చి చూపించాడు.

"దేఖో భాయ్, గీ పిలగాడు పని మంచిగ చేస్తుండు. నువ్వే నేర్పినవా?"

"మరి ఎవలు నేర్పుతరు?" అన్నాను. నేర్పింది వాల్వు ఎటు తిప్పాలో మాత్రమే.

నేర్పనిది ఒకటి ఉంది. అదే ఈ కథకు మూలం, కాబట్టి వివరంగా చెబుతాను. మా కాలంలో తనిఖీ వస్తోందంటే పటిక వేసేవాళ్ళం. ముందురోజు సాయంత్రం పటికను బకెట్లలో కరిగించి, కొలను చుట్టూ తిరుగుతూ పోసి, మోటారు ఆపేస్తాం. తెల్లవారేసరికి నీళ్ళలోని కంటికి కనబడని నలుసులన్నీ ముద్దకట్టి అడుగుకు దిగుతాయి. పొద్దున్నే ఆ తెట్టును గొట్టంతో పీల్చి, ఫిల్టరులోకి పోనివ్వకుండా నేరుగా మోరీలోకి వదలాలి. అప్పుడు నీళ్ళు అద్దమే. అలా పీల్చకముందే ఎవరైనా రోజూలాగే మోటారు వేశారా, తెట్టంతా లేస్తుంది. ఇసుకలో ఇరుక్కుంటుంది, కొలను బియ్యం కడిగిన నీళ్ళవుతుంది. ఇక ఎంత కడిగినా ఆ పూటకు తేరుకోదు. అందుకే పటిక వేసినవాడు పుస్తకంలో రాయాలి, తర్వాతి షిఫ్టు మనిషికి నోటితో చెప్పాలి. ఇందులో మినహాయింపు లేదు. బోర్ల దగ్గర నుంచి వచ్చినవాడికి పటిక సంగతి తెలియదు. నా దగ్గర మిగిలిన ఒకే ఒక్క గుట్టు అది. దాన్ని దాచుకున్నాను.

ఆ వేసవిలో మూడు జిల్లాల పిల్లలకు మా కొలనులో ఈత పోటీలు పెట్టారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. పోటీలు బాగా జరిగితే తండా మనిషిని పర్మనెంటు చేయమని పైకి రాస్తానని సారు మాటిచ్చాడు. అతని ఆశంతా ఆ కాగితం మీదే. బోర్ల పనిలో మోటారు జారి మీద పడి మనిషి పోయిన సంఘటన చూశానని, మళ్ళీ ఆ పనికి పోబుద్ధి కావడం లేదని నాతో రెండుసార్లు అన్నాడు.

పోటీల ముందురోజు సాయంత్రం నేను పటిక వేశాను. నా ఆలోచన చెబుతాను వినండి. తెల్లవారుజామున నాలుగున్నరకే, అతనికంటే ముందే వస్తాను. తెట్టు పీల్చేస్తాను. అందరూ వచ్చేసరికి నీళ్ళు మెరుస్తుంటాయి. ఇది ఎవరి పని అంటే, నాదేనని, రాత్రంతా ఆలోచించి చేశానని చెబుతాను. అంతవరకే. ఎవరికీ కీడు తలపెట్టలేదు. పుస్తకంలో రాయలేదు, రాస్తే అతను ముందే వచ్చి అడుగుతాడని.

రెండు బకెట్లు పోసి చేతులు కడుక్కుంటుంటే సారు అందరినీ గేటు దగ్గరికి పిలిచాడు. ఎవరెక్కడ నిలబడాలో చెప్పాడు. తండా మనిషి భుజం మీద చేయివేశాడు.

"రేపు పెద్దసారొస్తరు. నీళ్ళెవలు చూస్తరని అడిగితే నువ్వు ముందటికి రా. తెల్లంగి తొడుక్కో."

తర్వాత నా వైపు తిరిగాడు.

"మీరు జర కుర్చీల సంగతి చూస్కోన్రి."

కుర్చీల సంగతి. అన్నేళ్ళు నీళ్ళు చూసినవాడు కుర్చీల సంగతి చూసుకోవాలి. తల ఊపి వచ్చేశాను. అతను నా వెంట నాలుగడుగులు వేసి, "అన్నా, రేపటికి ఇంకేమన్న చెయ్యాల్నా? నువ్వు చెప్పు, చేస్త" అన్నాడు. "ఏం లేదు. రోజు లెక్కనే" అన్నాను.

పొద్దున నాలుగింటికి అలారం మోగింది. లేచాను. ముఖం కడిగాను, చొక్కా వేసుకున్నాను. బొత్తాలు పెట్టుకుంటుంటే కుర్చీల మాట గుర్తొచ్చింది. చేతులు ఆగిపోయాయి. తెల్లంగి తొడుక్కుని అతను పెద్దసారు ముందు నిలబడడం, నేను తెట్టు పీల్చి చేసిన అద్దం లాంటి నీళ్ళను చూపించడం, అంతా కళ్ళముందు కనబడింది. చొక్కా విప్పి మేకుకు తగిలించి పడుకున్నాను. నిద్ర పట్టలేదు. ఫోను దిండు పక్కనే ఉంది. మోటారు వేయకు అని రెండు మాటలు చెబితే చాలు. అయిదింటికి అతను వస్తాడని తెలుసు. ఆ వేళకు కొలను దగ్గర చీకటిగా ఉంటుంది, గదిలో ఒక్క లైటు తప్ప ఉండదు, అడుగున తెట్టు కనబడదని తెలుసు. అయిదు దాటింది. అయిదుంపావు దాటింది. కుట్ర చేయలేదని నాకు నేను చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. పటిక వేసినప్పుడు లేదు, అది నిజం. చొక్కా విప్పినప్పుడు ఉంది.

ఏడింటికి వెళ్ళేసరికి గేటుకు తాళం ఉంది. కొలను తెల్లగా, పాలు విరిగినట్టు ఉంది. జాలీ మూత కాదు కదా, మోకాటి లోతు మెట్టు కూడా కనబడడం లేదు. అతను గేటు ముందు తడిసిన బట్టలతో నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా గది తలుపుకు వేలాడుతోంది. సారు అరుస్తున్నాడు.

"పోరగాండ్లు బస్సులు దిగుతున్నరయ్య. తాళం తియ్యి. క్లోరిన్ మందు ఎక్కువైందని చెప్తం. పైపైన ఈదుతరు, అడుగు కనబడకుంటే ఏమైతది?"

"మునిగినోడు పైన ఉండడు సార్. అడుగుకు పోతడు" అన్నాడు అతను. "కనబడకుంటే ఎట్ల తీస్తం?"

"నీ నౌకరీ పోతది."

"పోనీ సార్. నేనైతే తియ్య."

తాళంచెవి అతని జేబులో ఉంది, చేయి దానిమీదే పెట్టుకున్నాడు. సారు గుంజుకోలేదు. గుంజుకునే ధైర్యం ఆయనకు లేదు. అక్కడ నిలబడ్డ నాకు ఏమనిపించిందో చెబితే మీరు నమ్మరు. జాలి తర్వాత వచ్చింది. ముందు వచ్చింది అసూయే. నా ఉద్యోగమంతటిలో ఒక్కసారి కూడా నేను అలా కాదనలేదు.

పిల్లలు మెట్ల మీద కూర్చున్నారు. మహదేవపూర్ నుంచి చీకటితోనే బయలుదేరి వచ్చినవాళ్ళున్నారు. గంగారం నుంచి వచ్చిన ఒక అమ్మాయి తలకు రబ్బరు టోపీ బిగించుకుని, తీయకుండా అలాగే కూర్చుంది. "ఈత లేదా సార్?" అని నన్నే అడిగింది. కుర్చీలు సర్దుతున్నాను కదా, నేనే పెద్దమనిషిలా కనబడి ఉంటాను. అడిగి చెబుతానన్నాను. ఎవరిని అడగాలో నాకు తెలియదా.

పెద్దసారు వచ్చాడు, చూశాడు, ముఖం ముడుచుకుని అయిదు నిమిషాల్లో వెళ్ళిపోయాడు. పోటీలు రద్దయ్యాయి. మధ్యాహ్నం మా సారు మమ్మల్నిద్దరినీ పిలిచి ఏం జరిగిందని అడిగాడు.

"నాదే తప్పు సార్" అన్నాడు అతను. "మూడుసార్లు కడిగిన. రిన్స్ తక్కువ చేసినట్టున్న. వేరే కారణం నాకైతే తోస్తలేదు."

సారు నన్ను చూశాడు. "మీరు సీనియరు. మీరేమంటరు?"

"పొద్దటి షిఫ్టు నాది కాదు సార్" అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నేను ఉద్యోగంలో ఆడిన అబద్ధాల్లో అంతకన్నా పెద్దది కూడా లేదు.

ఆ వారమే అతన్ని తీసేశారు. తాళాలు అప్పజెప్పడానికి వచ్చి, గడప దగ్గర ఆగాడు. "అన్నా, నాకింకా సమజైతలేదు. నువ్వైతే ఏం చేద్దువు?" అని అడిగాడు. అయిపోయినదాన్ని తవ్వుకోకు తమ్మీ అన్నాను. మూడు రోజులు తెట్టు పీల్చి, ఇసుక పైపొర తీసి, నీళ్ళను మళ్ళీ అద్దం చేశాను. సారు నా భుజం తట్టాడు. పాత చేయి పాత చేయే అని గ్రూపులో ఎవరో రాశారు. పొద్దటి షిఫ్టు నాకే తిరిగి వచ్చింది. కావాలనుకున్నవన్నీ వచ్చాయి, ఒక్కటీ గొంతు దిగలేదు.

రిటైరయ్యాక నేను పశ్చాత్తాపంతో అతన్ని వెతుక్కుంటూ పోయానని రాస్తే బాగుండేది. అలా జరగలేదు. భూపాలపల్లిలో కొత్త కొలను వచ్చిందని, అక్కడ నీళ్ళు చూస్తే తాగబుద్ధి వేస్తుందని మా బంధువొకాయన చెప్పాడు. ఎవరు చూస్తారని అడిగితే, దంతాలపల్లి దిక్కు మనిషట అన్నాడు. అంత బాగుంటాయా అని చూసి రావడానికి మానుకోట నుంచి రెండు బస్సులు మారి పోయాను. ఈ వయసులో ఆ మంటే నన్ను అంత దూరం లాక్కుపోయింది.

నీళ్ళు అంత బాగానే ఉన్నాయి. గట్టు మీద నిలబడి తప్పు వెతికాను, దొరకలేదు. మోటారు గది వైపు నడిచాను. లోపల అతని గొంతు వినిపిస్తోంది. కొత్తగా చేరిన ఇద్దరు ఆపరేటర్లకు పని చెబుతున్నాడు. ఒకరు నడివయసు ఆమె, ఒకరు గడ్డం నెరిసిన మనిషి.

"జనగామల నేనొక తప్పు చేసిన" అంటున్నాడు. "మూడు జిల్లాల పోరగాండ్లొచ్చిన్రు. నేను రిన్స్ సగంల ఆపిన. ఒక్క నిమిషం. గా ఒక్క నిమిషానికి పోరగాండ్లు ఏడ్సుకుంట తిరిగి పోయిన్రు. గందుకే చెప్తున్న, గడియారం చూడున్రి, చెయ్యిని నమ్మకున్రి."

నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. అతను చూశాడు. ముఖం విప్పారింది. లేచి తన కుర్చీ నాకు వేసి, వాళ్ళిద్దరితో అన్నాడు:

"గీ అన్న దగ్గరనే నేను పని నేర్చుకున్న."

ఆ మాట అనకపోతే టీ తాగి లేచి వచ్చేసేవాణ్ణి. నాకు నేను బాగా తెలుసు.

"ఆ దినం నువ్వు రిన్స్ మంచిగనే చేసినవ్ తమ్మీ" అన్నాను.

"నీకెట్ల ఎరుకన్నా? నువ్వు లేవు గద."

"ముందటి దినం పొద్దుమీకి నేను పటిక ఏసిన. నీకు చెప్పలే."

అతను పటిక సంగతి ఈ ఆరేళ్ళలో ఎక్కడో నేర్చుకునే ఉంటాడు, వివరం అడగలేదు. "ఎంత?" అన్నాడు. రెండు బకెట్లు అన్నాను. మనసులో ఏదో లెక్క చూసుకున్నట్టు నేలవైపు చూశాడు.

"చెప్పుడు మరిచినవా?"

నాకు దారి వదిలాడు. మరిచిన అంటే చాలు, అందరం టీ తాగి విడిపోయేవాళ్ళం.

"మరువలే" అన్నాను. "నాలుగింటికి లేచిన. అంగి తొడుక్కున్న. మళ్ళ ఇప్పి పండుకున్న."

అతను అరవలేదు. అరిచి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"ఆరేండ్ల సంది ఇంటికి పోయినంక గూడ లేచి కూసుంట అన్నా. రిన్స్ చేసిన్నా, చెయ్యలేదా అని ఒకటే పరేషాన్. రెండుసార్లు మళ్ళ వచ్చి తాళం తీసి చూసిపోయిన దినాలున్నయ్. నా చెయ్యి మీద నాకే నమ్మకం లేకుంట చేసినవ్."

అతను లేచి మోటారు ఆపాడు. చప్పుడు ఆగిపోయింది. ఆ ఇద్దరి వైపు తిరిగాడు.

"నేను ఇన్నొద్దులు మీకు చెప్పింది తప్పు. అసలు సంగతి గీ అన్నకు ఎరుక. కూసోన్రి. అన్నా, మొదటి సంది చెప్పు."

చెప్పాను. పటిక, బకెట్లు, రాయని పుస్తకం, చొక్కా, గేటు తాళం, రబ్బరు టోపీ పిల్ల, సారు ముందు నేనన్న మాట, అన్నీ చెప్పాను. అతను గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని విన్నాడు. గడ్డం నెరిసిన మనిషి తల వంచుకున్నాడు. ఆమె మాత్రం నన్నే చూస్తోంది.

"గంత పని చేసిన్రు, ఈయన మీకేం చేసిండు సార్?" అని అడిగింది.

చాలాసేపు వెతికాను. తిట్టాడా, ఎదురు మాట్లాడాడా, నా మీద ఎవరికైనా చెప్పాడా. ఒక్కటీ దొరకలేదు.

"నాకంటే మంచిగ పని చేసిండు" అన్నాను.

ఆమె ఇంకా చూస్తూనే ఉంది, మిగతా కారణం కూడా చెబుతానేమోనని.